గుమ్మం బయటి ఇంటిపేరు

పామర్‌స్టన్ నార్త్‌లో మేము న్యూజిలాండ్ వచ్చాక అద్దెకు దిగింది ఒక పెద్దాయన ఇంటి వెనకున్న రెండు గదుల ఫ్లాట్‌లో. ముందిల్లు ఆయనది. రెండింటికీ మధ్య బట్టలారేసే తీగ, టమాటా మొక్కల కోసం ఆయన స్వయంగా కట్టుకున్న అద్దాల గది. మా ఆవిడకు ఊళ్లోని ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. నేను విజయనగరంలో మొదలుపెట్టి హైదరాబాద్ దాకా తెలుగు దినపత్రికల డెస్కుల మీద జీవితం గడిపి, ఆవిడ వెంట వచ్చినవాణ్ని. ఇక్కడ నాకున్న పనల్లా వంట, సైకిలు, లైబ్రరీ. రెండువేల పదుల మధ్యకాలం నాటి మాట ఇది.

దిగిన రోజే గేటు దగ్గర ఉత్తరాల పెట్టె మీద తెల్ల పెయింటుతో రాసిన పేరు చూశాను. ఎస్పోసితో. ఇటలీ పేరని తెలుస్తూనే ఉంది. ఆయన తండ్రి నేపుల్స్ దగ్గర సముద్రపు ఒడ్డు నుంచి వెల్లింగ్టన్ వచ్చి చేపలు పట్టేవాడట. కొడుక్కి పడవెక్కితే వాంతులు. సముద్రం కనబడని ఊరు కావాలని వెతుక్కుని ఇక్కడికొచ్చి, గోడలకు ప్లాస్టరింగ్ చేసి బతికానని నవ్వుతూ చెప్పేవారు. అప్పటికే ఎనభై దాటిన మనిషి. భార్య పోయింది, ఒక్కగానొక్క కొడుకూ పోయాడు.

మనవాళ్లకు ఒక అలవాటుంది. ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్‌లో ఎవరింటికో పుట్టినరోజు విందుకు వెళ్లినా, బోటనీ డౌన్స్ షాపింగ్ సెంటర్లో ట్రాలీ తోస్తూ తెలుగు ముఖం ఎదురుపడినా, రెండో మాటగా వచ్చే ప్రశ్న ఒకటే: "మీ ఇంటిపేరేంటండీ?" అది చెబితే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఎవరి తాలూకో తెలుస్తుంది. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లే. పెద్దలు ఏ ఊరు విడిచి వస్తే ఆ ఊరి పేరు ఇంటికి అంటుకుంటుంది. ఈ లెక్క లోకమంతటికీ చెల్లుతుందని లోలోపల మనకో నమ్మకం. నేనూ అదే నమ్మకంతో, తాళంచెవులు తీసుకుంటూ ఆయన్ని అడిగాను.

"అంకుల్, ఎస్పోసితో అంటే ఏ ఊరు?"

"ఊరా? అది నా పేరు."

"మా వైపు ఇంటిపేరంటే ఊరేనండి. మీ పెద్దలు ఆ ఊరి నుంచి వచ్చుంటారు."

ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూశారు. "సరే, ముందు నాకిది చెప్పు మేట్. నన్ను అంకుల్ అన్నావు. నేను నీకు ఏ వైపు? అమ్మ వైపా, నాన్న వైపా?"

మా ఆవిడ పక్కకు తిరిగి నవ్వుకుంది. నేను ఆయనకు ఒక పని పెట్టానని మాత్రం ఆ తర్వాత వారానికి గాని నాకు తెలియలేదు. వంటింటి బల్ల మీద ఇటలీ పటం పరుచుకుని, భూతద్దం పెట్టి ఊళ్ల పేర్లు చదువుతున్నారు. "దక్షిణం సగం అయింది, ఇంకా దొరకలేదు" అన్నారు. అంత ముసలితనంలో, తనకొక ఊరు ఉండవచ్చునన్న ఆలోచన ఆయనకు మొదటిసారి వచ్చింది. ఆ ముఖం చూశాక, ఉండకపోవచ్చు అనడానికి నాకు నోరు రాలేదు.

చలికాలం వస్తుండగా ఆయన మనవరాలు ఆ ఇంటికి వచ్చింది. పోయిన కొడుకు కూతురు. ఆ పేరు మోస్తున్న చివరి మనిషి. కడుపుతో ఉంది. ఆమె సహచరుడు కొండల మీద గాలిమరల దగ్గర పనిచేసేవాడు, వారాంతాల్లో వచ్చిపోయేవాడు. వాళ్లింకా పెళ్లి చేసుకోలేదు. ఆమె తాతను అందరు కివీ పిల్లల్లాగే "పాప్" అని పిలిచేది. వచ్చిన కొత్తలోనే మా ముందే అడిగింది.

"పాప్, బిడ్డకు మన ఇంటిపేరే పెడదామనుకుంటున్నా. బిడ్డ తండ్రికీ ఇష్టమే. నువ్వు సరే అంటేనే."

ఆయన ముఖం ఎర్రబడింది. కళ్లు తుడుచుకుని, "ఊరు దొరకనీ. దాని అర్థమేంటో తెలియకుండా పసిబిడ్డ నెత్తిన ఎలా పెడతాం?" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు పేపర్‌వాడివి కదా. కనుక్కుని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. దాన్నిబట్టి దీనికి జవాబిస్తాను" అన్నారు.

ఆ రోజుల్లోనే ఆ పిల్ల ఎక్కడో సెకండ్‌హ్యాండ్‌లో పసిపిల్లల తోపుడు బండి కొనుక్కొచ్చింది. సబ్బునీళ్లతో కడిగి ఆరడానికి వరండాలో పెట్టింది. నేను సైకిలు దిగేసరికి పెద్దాయన దాన్ని లోపలికి లాగుతున్నారు. నీళ్లు కార్పెట్ మీద కారుతున్నాయి. మర్నాడు మళ్లీ ఆమె బయటపెట్టింది, మళ్లీ ఆయన లాగారు. లోపల పిల్లా లేదు, పరుపూ లేదు. ఖాళీ బండి.

"అది తడిగా ఉంది కదా అంకుల్?"

"తెలుసు." బండిని గోడకు ఆనించి తనే చెప్పారు. "మా ఆవిడ మా నాన్నతో జన్మంతా పోట్లాడింది దీని మీదే. ఆ రోజుల్లో పసివాళ్లను బండిలో వేసి వరండాలో పడుకోబెట్టేవాళ్లు. మంచి గాలి తగలాలని నర్సులే చెప్పేవాళ్లు. మా నాన్న వెల్లింగ్టన్ నుంచి వచ్చినప్పుడల్లా, ఒక్క మాట మాట్లాడకుండా, బిడ్డతో సహా లోపలికి తోసుకొచ్చేవాడు. ఈవిడ బయటపెట్టడం, ఆయన లోపలపెట్టడం. నువ్వు చూడాల్సింది."

"ఎందుకని అడగలేదా?"

"అడిగాను. 'మనవాళ్లు బిడ్డను గుమ్మం బయట ఉంచరు' అన్నాడు. మనవాళ్లంటే ఎవరో! మాకు ఆయన తప్ప ఎవరు తెలుసు?"

లైబ్రరీలో నాకు కావలసింది దొరకడానికి ఒక మధ్యాహ్నం కూడా పట్టలేదు. ఎస్పోసితో ఊరు కాదు. ఒక లాటిన్ మాట నుంచి వచ్చింది. దాని అర్థం, బయట ఉంచినది. నేపుల్స్‌లో ఒక చర్చిని ఆనుకుని అనాథ శిశువుల ఇల్లొకటి ఉండేది. దాని వీధి గోడకు చిన్న కంత, కంతలో గుండ్రంగా తిరిగే చెక్క తొట్టి. పెంచుకోలేనివాళ్లు బిడ్డను తొట్టిలో పెట్టి తిప్పితే, తొట్టి లోపలి వైపుకి తిరుగుతుంది. లోపల కాచుకున్న మనిషి బిడ్డను తీసుకుంటుంది. తెచ్చినవాళ్ల ముఖం లోపలివాళ్లకు కనబడదు. ఊరూ పేరూ లేని ఆ పిల్లలకు పెట్టిన ఇంటిపేరు అది. ఇటలీలో మిగతా చోట్ల కూడా ఇలాంటి పిల్లలకు ఇలాంటి పేర్లే, మాటలు వేరు. ఎప్పటికో, పుట్టుక ఇలా నలుగురికీ తెలిసేలా పేర్లు పెట్టకూడదని పాలకులు ఆపించారు. అప్పటికే పెట్టినవి మాత్రం పోలేదు.

నన్ను కుర్చీలో కూలేసింది అది కాదు, ఆ తర్వాతది. నేపుల్స్ ప్రాంతంలో అంత సాధారణమైన ఇంటిపేరు మరొకటి లేదట. దేశం మొత్తం మీద చూసినా మొదటి వరసలోనే ఉంటుందట. రొట్టెల దుకాణాలవాళ్లు, ఫుట్‌బాల్ ఆటగాళ్లు, న్యాయమూర్తులు, ఎక్కడ చూసినా వాళ్లే. ఒక ఇంటిపేరు విస్తరించిందంటే ఆ వంశం పచ్చగా ఉందనుకుంటాం మనం. ఇక్కడ ఒక వంశం లేదు. ఎన్ని కుటుంబాలకు ఆ పేరుందో, బహుశా అన్నిసార్లు ఎవరో ఒక తల్లి ఆ గోడ దగ్గర నిలబడింది. లైబ్రరీ కిటికీలోంచి చూస్తే కింద కూడలిలో గాలికి తల వంచుకుని మనుషులు నడుస్తున్నారు. వాళ్లందరూ ఎవరినో దింపి వెళుతున్నవాళ్లలా కనబడ్డారు నాకు.

డెస్కు మీద ఉన్న రోజుల్లో అలాంటి వార్తలు వచ్చేవి. ఆసుపత్రి మెట్ల మీద పసికందు. బస్టాండులో సంచిలో శిశువు. సర్కారు వాళ్లు గేటు దగ్గర పెట్టిన ఊయలలో ఆడపిల్ల. నాలుగు వాక్యాలు, చిన్న శీర్షిక, లోపలి పేజీలో అడుగున. ఆ పిల్లలకు తర్వాత ఏ పేర్లు పెట్టారన్నది ఏనాడూ వార్త కాలేదు, ఏ విలేకరీ పంపలేదు. ఆ వార్తల్లోని పిల్లలు ఇప్పటికి నడివయసుకు వచ్చుంటారు. వాళ్లను కూడా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, మీ ఇంటిపేరేంటండీ అని.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. పెట్టె పక్కన పెట్టేసింది.

"చెప్పకండి. పురుడు దగ్గర పడిన ఇంట్లో ఏటండీ ఆ మాట."

"ఆయనే అడిగాడే. ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు."

"ఊరు కోసం పటం పరుచుకుని కూర్చున్నాడా మనిషి. ఊరు లేదు, గోడకో కన్నం ఉందని చెప్తారా?" ఇస్త్రీ పెట్టె మళ్లీ చేతిలోకి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "చెప్పక తప్పదంటే ముందు మీ నాన్నగారి సంగతి చెప్పండి. మన ఇంట్లోనూ ఉంది కదా, బయట పెట్టిన బిడ్డ."

మర్నాడు అద్దాల గదిలో, ఆయన టమాటా కాండాలకు గుడ్డపీలికలు కడుతుండగా చెప్పాను. మా నాన్నకు ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదు. అందుకని ఆయన పుట్టగానే నానమ్మ ఆయన్ని చేటలో పడుకోబెట్టించి, పెరటి అవతల పెంటకుప్ప మీద పెట్టించింది. ముందే అనుకున్న ప్రకారం పక్కింటావిడ అటుగా వచ్చి, ఎవరి బిడ్డో నాకు దొరికాడంటూ ఎత్తుకుంది. గడప దగ్గరకొచ్చి, కొంటావా అని అడిగింది. నానమ్మ చేరెడు తవుడు పోసి కొనుక్కుంది. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు వాణ్ని వదిలేస్తుందని ఆశ. ముక్కు కూడా కుట్టించారు. మా వైపు ఆ తరంలో పెంటయ్యలు, తవిటయ్యలు అందుకే కనిపిస్తారు. మా నాన్న పేరూ అలాంటిదే.

"తవుడంటే ఇదేగా, పొద్దున్నే నేను పాలల్లో వేసుకునేది?"

"ఇంచుమించు అదే."

"చవగ్గానే వచ్చాడు మీ నాన్న" అని నవ్వారు. నవ్వు ఆగాక అడిగారు. "ఎత్తుకున్నావిడ తిరిగి ఇవ్వనని ఉంటే?"

"అలా ఎప్పుడూ జరగదు అంకుల్. అది వట్టి తంతు."

"మీ నానమ్మకు తెలుసా ఆ సంగతి? చేట బయట ఉన్న కాసేపు?"

నానమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా తవుడు దగ్గర మొదలుపెట్టేది. పెంటకుప్ప దగ్గర కాదు.

అప్పుడు గోడ సంగతి చెప్పాను. తొట్టి సంగతి, పేరు సంగతి, ఆ పేరు ఎంతమందికి ఉందో ఆ సంగతి. ఆయన చేతిలోని పీలిక ముడి పడలేదు.

"తొట్టి తిరిగాక బయటున్న మనిషికి బిడ్డ కనబడదు."

"కనబడదు."

"ఏడుపు వినబడుతుందా?"

అది నేను చదివినదాంట్లో లేదు. లేదని చెప్పాను. ఆయన అద్దంలోంచి ముందింటి వరండా వైపు చూశారు. వరండా ఖాళీగా ఉంది. బండిని పొద్దున్నే లోపలపెట్టేశారు.

"మా నాన్నకు తెలిసుండదు" అన్నారు. "వాళ్ల నాన్నకూ తెలిసుండదు. ఎప్పటి మాటో. ఎవరో ఒకడు మొదట చెప్పుంటాడు, బయట ఉంచొద్దని. ఎందుకో చెప్పకుండా అంతే చెప్పుంటాడు." పీలిక కింద పడేశారు. "పిల్లకు వద్దని చెప్తాను. పుడుతూనే, నీకోసం ఎవరూ రాలేదని ముఖాన రాసినట్టు ఉంటుంది. ఇది నాతో ఆగిపోనీ."

కారణం చెప్పకుండా వద్దని మాత్రం చెప్పారు. రెండు రోజుల తర్వాత ఆ పిల్ల బట్టలు ఆరేస్తూ తీగ దగ్గర మా ఆవిడ ముందు ఏడ్చేసింది. పెళ్లి చేసుకోలేదని పాప్ కోపం, నా బిడ్డకు ఆ పేరు తగదనుకుంటున్నాడు, అంది. మా ఆవిడ తడి చేతులతోనే ముందింటి తలుపు తట్టింది.

"అంకుల్, మీరిలా ఊరుకుంటే పిల్ల తనదే తప్పనుకుంటోంది. చెప్పాలంటే అంతా చెప్పండి. లేదంటే సరేననండి. ఈ రెండూ కాకుండా కడుపుతో ఉన్నదాన్ని ఏడిపించకండి."

"నీ భార్య ఆసుపత్రిలో కూడా ఇలాగే ఉంటుందా?" అని ఆయన వెనకే వెళ్లిన నన్నడిగారు.

"ఇంకా గట్టిగా ఉంటుంది."

ఆ సాయంత్రం చెప్పారట. అంతా విని ఆ పిల్ల, "అయినా నాకదే కావాలి పాప్" అందట. ఆయన తల అడ్డంగా ఊపారట. కొన్నాళ్ల పాటు ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తడం మానేశారు. ఇటలీ పటం మడిచి ఎక్కడో పెట్టేశారు. అయినా నేను ఆ ఉత్తరాల పెట్టె ముందునుంచి సైకిలు మీద వెళ్లినప్పుడల్లా చూపు దాని మీదకే పోయేది. ఉత్తరాలు వేసే ఆ కంతలోకి పోస్టమ్మాయి ఉత్తరం పెట్టి, వట్టి చేయి వెనక్కి తీసుకోవడం చూస్తే ఆ తొట్టి గుర్తొచ్చేది. గాలి ఉన్న రోజుల్లో పెట్టె రేకుమూత దానంతటదే పైకి లేచి పడేది. ఆ చప్పుడుకు పెద్దాయన కిటికీ తెర తొలగించి చూడడం నేను గమనించాను. అంతకుముందు అది లేదు.

వసంతం మొదట్లో ఆడపిల్ల పుట్టింది. వాళ్లు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు మా ఆవిడకు సెలవు. ఇద్దరం ఇంటి పక్క మడిలో, వరండా కనబడే దూరంలో కొత్తిమీర విత్తనాలు చల్లుతున్నాం. కారు వచ్చి ఆగింది. బిడ్డ తండ్రి తల్లీబిడ్డలను దింపి మందుల షాపుకి వెళ్లాడు. మనవరాలు బిడ్డను కారు సీటు బుట్టలోనే తీసుకొచ్చి వరండాలో దించి, గేటు దగ్గర వదిలిన సంచుల కోసం వెనక్కి వెళ్లింది. పామర్‌స్టన్ గాలికి తలుపు కొట్టుకుంటుందని పెద్దాయన ఎప్పుడూ లోపల గడియ వేసి ఉంచేవారు. బిడ్డ ఏడుపు అందుకుంది. పుట్టి రెండు రోజులైనా కాని గొంతు, గాలిలో సన్నగా సాగింది.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. గడియ తీశారు. తలుపు తెరిచి, కింద చూశారు. గుమ్మం అవతల బుట్టలో బిడ్డ, దగ్గర ఎవరూ లేరు. కంచె పక్కనున్న పొద గేటును కప్పేసింది. ఆయనకు మనవరాలు కనబడలేదు.

ఆయన వెంటనే వంగలేదు. ముందు రోడ్డు వైపు చూశారు, ఆ చివరిదాకా. తర్వాత ఇటు చివరిదాకా. ఎవరు వదిలివెళ్లారో వాళ్ల వీపైనా కనబడుతుందేమోనని చూసినట్టు చూశారు. మా ఆవిడ నా చేయి పట్టుకుంది. అప్పుడు ఆయన బుట్టనెత్తి గుండెకానించుకుని లోపలికి వెళ్లి, తలుపేసుకున్నారు. గడియ పడింది.

మనవరాలు సంచులతో వచ్చి, బిడ్డ లేకపోవడం చూసి వాటిని కింద పడేసింది. లోపలి నుంచి ఏడుపు వినబడ్డాక తలుపు బాదింది.

"పాప్! ఏంటిది, నన్నూ రానీ!"

"ఎవరు?"

"నేనే! దాని అమ్మని!"

"నాకిది గుమ్మం బయట దొరికింది. నాది. కావాలంటే కొనుక్కో. ఏమిస్తావు?"

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. ఏడవాలో నవ్వాలో తెలియక మా వైపు చూసింది. మా ఆవిడ మట్టి చేతులతో పరుగెత్తి ఆమె చెవిలో ఏదో చెప్పింది. సంచులన్నీ వెతికితే ఆసుపత్రిలో సగం తిని మడిచిపెట్టుకున్న ఓట్స్ బార్ ఒకటి దొరికింది.

"పాప్, ఒక ఓట్స్ బార్ ఉంది. సగం కొరికాను."

లోపల చాలాసేపు చప్పుడు లేదు. బిడ్డ కూడా ఏడుపు ఆపింది. అంత నిశ్శబ్దానికి నాకు భయమేసింది. నానమ్మ ఎప్పుడూ చెప్పని ఆ కాసేపు ఇదే కాబోలు అనిపించింది. తర్వాత గడియ తీసిన చప్పుడు, తలుపు సందులోంచి సున్నం మరకలు వదలని ముసలి చేయి. బార్ తీసుకుంది. తలుపు పూర్తిగా తెరుచుకుంది.

"ఇక పెట్టుకో ఆ పేరు" అన్నారు బిడ్డనందిస్తూ. "దీనికోసం ఒకరొచ్చారు. ఊరికే కూడా రాలేదు."

పెట్టుకున్నారు. ఆ పేరున్న చివరి మనిషి ఇప్పుడు ఆ పాప.

తర్వాత మా ఆవిడకు ఆక్లాండ్‌కు బదిలీ అయి మేము ఫ్లాట్ బుష్ వచ్చేశాం. ఇక్కడ విందుల్లో ఇప్పటికీ ఇంటిపేర్లడుగుతారు, నేనూ చెబుతాను. అడగడం మాత్రం మానేశాను. ఆ తలుపు, ఆ నవ్వులు తలుచుకుంటే సంతోషంగానే ఉంటుంది. కానీ నాకు ముందుగా గుర్తొచ్చేది బిడ్డనెత్తడానికి ముందు ఆయన రోడ్డు వైపు చూసిన చూపు. ఆ రోడ్డు మీద ఎవరూ లేరు. ఉన్నట్టే చూశారు.

మొన్నొక ఇంట్లో బారసాల. వరండా నిండా చెప్పులు, వాటి మధ్య ఎవరిదో ఖాళీ తోపుడు బండి. దాన్ని లోపలికి లాగి గోడ పక్కన పెడుతుంటే ఆ ఇంటమ్మాయి చూసింది.

"లోపల జనం ఎక్కువైపోయారు అంకుల్, బయటే ఉండనివ్వండి. ఎందుకండీ?"

"మావాళ్లు బయట ఉంచరమ్మా" అన్నాను.

మా ఆవిడ అటు తిరిగి పళ్లేలు సర్దుతోంది. నా మాట విని కూడా, మావాళ్లెవరని అడగలేదు.